డేరా సరే, మరి దానికి ఎక్కడికి వెళ్లాలి?

సంపాదకులకు నమస్కారం.

గత నెలలో మీ ఆదివారం అనుబంధంలో గండికోట మీద రెండు పేజీల వ్యాసం వేశారు. పెన్నా లోయ అంచున డేరా వేసుకుని రాత్రి గడపాలనుకునేవారు వెంట తీసుకెళ్లవలసిన వస్తువుల జాబితా ఒకటి చివర్లో గడి కట్టి ఇచ్చారు. అందులో దుప్పటి ఉంది, టార్చి ఉంది, దోమల మందు ఉంది, పాటలు వినిపించే స్పీకరు కూడా ఉంది. మొత్తం పద్నాలుగు వస్తువులు. లెక్కపెట్టడం నాకు అలవాటు. ఇరవై ఆరేళ్లు బస్సులో టికెట్లు కొట్టిన చెయ్యి ఇది. ఆ పద్నాలుగింటిలో, తెల్లవారుజామున కడుపు మెలిపెడితే పనికొచ్చేది ఒక్కటీ లేదు. రాసినవారు మగవారై ఉంటారనుకున్నాను. పైకి వెళ్లి పేరు చూశాను. మగవారే.

ఆయన మీద నాకు కోపం లేదు. బండ చాటు దొరికితే గడిచిపోయే జన్మ వాళ్లది. నా చదువు వేరు. నాలుగున్నర బస్సు ఎక్కాలంటే ముందు రాత్రి ఎనిమిది నుంచే నీళ్లు మానేయడం, దారిలో ఏ ఊళ్లో ఎవరి తలుపు తడితే కాదనరో గుర్తుపెట్టుకోవడం, మిగతా సమయమంతా పళ్లు బిగబట్టుకోవడం. ఆ చదువుకు పట్టాగా మూత్రపిండంలో ఆరు మిల్లీమీటర్ల రాయి వచ్చింది. కాబట్టి ఇలాంటివి పత్రికలో రాయడం బాగుండదని ఎవరైనా అంటే నా చెవికి ఎక్కదు.

కిందటి కార్తీకంలో నేను, అనంతపురం నుంచి వచ్చిన మా చెల్లెలు, నా కూతురు, ఏడేళ్ల మనవరాలు గండికోటలో ఒక రాత్రి ఉన్నాం. అల్లుడు మాకు డేరా కట్టించి, కాస్త ఎడంగా తన డేరాలో పడుకున్నాడు. డేరాలు అద్దెకిచ్చిన అబ్బాయిని మరుగుదొడ్డి ఎక్కడయ్యా అంటే, చెయ్యి చాచి అటు అన్నాడు. పగటిపూట ఆ దూరం ఏమీ అనిపించలేదు. మూడున్నరకు చెల్లెలు నా భుజం తట్టి "అక్కా, లేస్తావా" అంది. ఎందుకని అడగలేదు. ఫోను వెలుతురులో, చేతిలో నీళ్ల సీసాతో ఇద్దరం బయల్దేరాం. కాళ్ల కింద ఎర్ర బండలు, వాటి మధ్య గులకరాళ్లు, ఏ పక్కనో సరిగ్గా తెలియని లోయ. అంత దూరం నడిచే ఓపిక చెల్లెలికి లేదు, ఆగే వ్యవధి అసలే లేదు. దగ్గర్లో ఒక పెద్ద బండ కనిపించింది. మాకన్నా ముందు వచ్చినవాళ్లంతా ఆ బండనే నమ్ముకున్నారని వాసనే చెప్పింది. వెలుతురు వేస్తే తెల్ల కాగితాలు, తడి వైప్స్, ఖాళీ సీసాలు. కాలు పెట్టే చోటు లేదు.

ఇంకో బండ వెనక్కి వెళ్లాం. మోకాళ్ల నొప్పుల మనిషి, ఎలాగో కూర్చుంది గానీ లేవలేకపోయింది. చంకల కింద చేతులు వేసి లేపబోతే గులకరాళ్ల మీద నా చెప్పు జారి ఇద్దరం కూలబడ్డాం. ఆ చీకట్లో, ఆ అవతారంలో ఇద్దరికీ నవ్వాగలేదు. కాసేపటికి చెల్లెలి నవ్వు ఏడుపైంది. తెల్లవారాక సూర్యోదయం అద్భుతంగా ఉందని అందరూ ఫొటోలు తీసుకున్నారు. నా దగ్గరా ఉన్నాయి, అన్నింట్లోనూ చెల్లెలు పక్కకు చూస్తూ ఉంటుంది.

తవ్వి పూడ్చవచ్చు కదా అంటారు. అడవుల్లో తిరిగేవారి పద్ధతి అదే. నీటికి కనీసం అరవై మీటర్ల దూరంలో, జానెడు లోతున గుంట తీసి, పని అయ్యాక మట్టి కప్పాలి. ఎవరూ నేర్పకుండానే పిల్లి చేసే పని. ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నల్లమల గుండా శ్రీశైలానికి నడిచే భక్తులు బరువులు మోయలేరు. వాళ్ల సంచిలో ఒక చిన్న గునపం ఉంటే చాలు, అక్కడ ఆకులు కుళ్లిన మెత్తటి మట్టి దొరుకుతుంది. గండికోట అంచున గునపం దించి చూడండి, ఖంగుమంటుంది. మట్టి ఉన్నచోట కూడా నాలుగు వేళ్ల మందమే, కింద అంతా బండ. వాన పడితే పైనున్నదంతా కడుక్కుపోయి లోయలోకి, అక్కడి నుంచి మైలవరం జలాశయానికి. ఇంకా కిందికి వస్తే అదే పెన్న ఒడ్డున మా ప్రొద్దుటూరు. మీదివాళ్లు ఏం వదిలారన్నది కిందివాళ్లకు ఊరికే మాట్లాడుకునే సంగతి కాదు.

అందుకే ఇంటికి రాగానే మోసుకెళ్లే మరుగుదొడ్ల సంగతి పట్టుకున్నాను. రెండుసార్లు డబ్బు తగలేసి, మూడోసారికి దారి దొరికింది. మీ పాఠకులైనా మొదటి రెండు మెట్లు తప్పించుకుంటారని రాస్తున్నాను.

ముందు కొన్నది మడత స్టూలు. నడుమ రంధ్రం ఉంటుంది, దాని కింద సంచి తగిలిస్తాం. సంచిలో వేసే పొడి తడి తగలగానే పసిపిల్లల డైపర్లలో లాగే జెల్లులా గట్టిపడుతుంది. మడిస్తే గొడుగంత. అంతా బాగానే ఉంది గానీ, అది కాగితంతో తుడుచుకునేవారి కోసం పుట్టిన వస్తువు. మనది నీళ్ల మర్యాద. పొట్లంలోని పొడి ఎంత తాగినా మన చెంబు ముందు చాలదు. మిద్దె మీద ఉత్త నీళ్లు పోసి పరీక్షించాను. లీటరు దాటేసరికి సంచి అడుగు తాటిపండులా కిందికి సాగింది. సన్నటి కాళ్ల స్టూలు, సమంగా లేని బండ మీద పెడితే ఊగింది. చెల్లెలు దాన్ని చూసి "దీనికన్నా బండే నయం" అంది.

అంతకన్నా నన్ను ఆపింది ఇంకొకటి. ఆ సంచిని మూతి కట్టి చెత్తలో వేయమని పొట్లం మీద రాసి ఉంది. ఏ చెత్తలో? మా వీధికి వచ్చే చెత్త బండి మీద ఒకామె నిలబడి సంచులు విప్పి తడి, పొడి చేత్తో వేరు చేస్తుంది. మనిషి మలాన్ని మనిషి చేత ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది. జిప్పున్న సంచిలో పెట్టి ఆమె చేతికిస్తే నిషేధం దాటిపోయినట్టా? ఆ స్టూలు ఇప్పుడు మా పెరట్లో పూలకుండీ మోస్తోంది.

తర్వాత పెట్టె రకం తెప్పించాను, ఏడు వేల చిల్లర అయింది. పై పెట్టెలో మంచినీళ్లు, దాని మీదే కూర్చునే చోటు. కింది పెట్టెలోకి మలినం. రెండింటి మధ్య పలక ఉంటుంది. పిడి లాగితే తెరుచుకుంటుంది, తోస్తే మూసుకుంటుంది. పక్కన చిన్న పంపు నొక్కితే నీళ్లు వచ్చి కడుగుతాయి. పలక సరిగ్గా మూస్తే వాసన రాదు, అది మాత్రం నిజం. దాన్ని వాడే ముందు ఇంట్లో పరీక్షించమని అందరికీ చెబుతాను. ఒక శనివారం సాయంత్రం ఐదింటికి ఇంట్లో మరుగుదొడ్డికి తాళం వేసి, మిద్దె మీద దీన్ని పెట్టి, నేను, చెల్లెలు, కూతురు, మనవరాలు ఆదివారం ఉదయం తొమ్మిది దాకా దీన్నే వాడాం. గోడకు ఒక అట్టముక్క వేలాడదీసి, వెళ్లినవాళ్లు గీత గీయాలన్నాను. ఒంటికి పదకొండు గీతలు, రెంటికి మూడు. చెంబు వాడిన ఆ రాత్రి ఇరవై లీటర్ల కింది పెట్టె ముప్పావు వంతు నిండింది. మరుసటి వారం చెంబు తీసేసి, నొక్కితే సన్నగా ధార కొట్టే ప్లాస్టిక్ సీసా పెట్టాను. గీతలు దాదాపు అన్నే, పెట్టె సగం కూడా నిండలేదు. ఆ సీసా వంద రూపాయలు కూడా కాలేదు. నన్నడిగితే మొత్తం సామగ్రిలో తెలివైన వస్తువు అదే.

ముప్పావు నిండిన పెట్టెను మిద్దె దించేటప్పుడు దాని బరువు తెలిసింది. లీటరుకు కిలో, పైన పెట్టె బరువు. ఆడవాళ్లే వెళ్లే ప్రయాణమైతే ఇరవై లీటర్లది వద్దు, పది పన్నెండు లీటర్లది చాలు. రెండుసార్లు పారబోసుకోవచ్చు గానీ నడుము రెండోసారి దొరకదు. కొనే ముందు ఎత్తు కూడా కొలవండి. బొమ్మలో అన్నీ ఒకే ఎత్తు కనిపిస్తాయి. మా ఇంటి కమోడ్ నేల నుంచి నలభై సెంటీమీటర్లు, నేను తెప్పించింది ముప్పై ఒకటి. తొమ్మిది సెంటీమీటర్లే కదా అనుకుంటాం. మోకాళ్లను అడగాలి.

ఇక దాని వల్ల జరిగిన పరాభవం ఒకటుంది. మొదటి ప్రయాణంలో తిరిగి వస్తూ జమ్మలమడుగులో భోజనానికి ఆగాం. కారు ఎండలో గంటన్నర ఉంది. మన ఎండ సంగతి తెలిసిందే కదా. మూసిన పెట్టెలో గాలి వేడెక్కి ఉబ్బుతుందని నాకు తట్టలేదు. ఇంటికి రాగానే, ఎంత నిండిందో చూద్దామని వంగి పలక లాగాను. ఆ నీలం నీళ్లు నా కళ్లద్దాల దాకా వచ్చాయి. మూడుసార్లు తలంటుకున్నాను. గాలి వదలడానికి ఆ పెట్టెకు ఒక చిన్న గుండీ ఉంది. ముఖం దూరంగా పెట్టి ముందు దాన్ని నొక్కాలి, ఆ తర్వాతే పలక. పెట్టెతో వచ్చిన సూచనల పుస్తకంలో ఉందట. పదమూడో పేజీలో.

నీలం నీళ్లన్నాను కదా, అందులో కలిపే మందు గురించి కూడా చెప్పాలి. వాసన ఆపడానికి అమ్మే వాటిలో కొన్నింటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. అది సెప్టిక్ ట్యాంకులో మలాన్ని తినే సూక్ష్మజీవులను చంపుతుంది. రక్షణ పరిశోధన సంస్థ తయారు చేసిన జీవ మరుగుదొడ్లను మన రైలు పెట్టెల్లో పెట్టుకున్నాం, వాటిలో పని చేసేవి కూడా సూక్ష్మజీవులే. పని చేసే కూలీలకే విషం పెట్టినట్టవుతుంది. డబ్బా మీద ఫార్మాల్డిహైడ్ లేదని రాసి ఉన్నదే కొనండి. ఇంట్లో యాసిడ్ ఉంది కదా, బ్లీచింగ్ ఉంది కదా అని పోయకండి. ఆ రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. బ్లీచింగ్ మూత్రంతో కలిసినా మంచిది కాదు.

చివరికి మేము స్థిరపడినది ఈ రెండూ కాదు. మందుల దుకాణాల పక్కన, రోగులకు కావలసిన మంచాలూ చేతికర్రలూ అమ్మే కొట్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది. చేతులు ఆనించుకోవడానికి రెండు వైపులా కమ్మీలు, కాళ్ల పొడుగు పెంచి తగ్గించే ఏర్పాటు, కాళ్ల చివర రబ్బరు తొడుగులు. బండ ఎత్తుపల్లాలను బట్టి ఒక్కో కాలినీ వేరుగా సర్దుకోవచ్చు. మా అత్తగారి చివరి రోజుల్లో కొన్నది అటక మీద ఉంది. దాన్ని దించి, దానితో వచ్చిన గిన్నె తీసేసి, గట్టి మూత ఉన్న ఇరవై లీటర్ల పెయింటు డబ్బా కింద పెట్టాను. సామిల్లు నుంచి ఒక సంచి పొడి రంపపు పొట్టు తెచ్చాను. అడుగున నాలుగు వేళ్ల మందం, తర్వాత వెళ్లిన ప్రతిసారీ రెండు గుప్పెళ్లు. నీళ్లూ లేవు, మందూ లేదు. చెల్లెలు అనంతపురం నుంచి వేరుశనగ పొట్టు తెచ్చింది, మా ఊళ్లో దీనికి కొదవా అని. అలాగే వేస్తే అది తడి పీల్చదు, పైన తేలుతుంది. రోట్లో వేసి నలగ్గొడితే ఫరవాలేదు. వరి ఊక కూడా అంతే. కట్టెల పొయ్యి ఉన్నవాళ్లకు బూడిద ఉండనే ఉంది, ఆరింది మాత్రమే వాడాలి.

కిటుకు ఏమిటంటే డబ్బాలో తడి తగ్గించడం. ఒంటికి వేరే మూత డబ్బా పెట్టాం, రెంటికే పొట్టు డబ్బా. కడుక్కోవడం ఆ సీసాతో, పక్కన పెట్టిన చిన్న బేసిన్‌లో. వినడానికి తలనొప్పిగా ఉంటుంది, రెండోసారికి అలవాటైపోతుంది. ఎంత సేపైనా వాసన లేదు. నా మాట నమ్మకపోతే మా అల్లుణ్ణి అడగవచ్చు, డబ్బాను కారు డిక్కీలో పెట్టడానికి మొదట ఒప్పుకోని మనిషి ఆయనే.

చుట్టూ మరుగు కావాలి కదా. బట్టలు మార్చుకోవడానికి అమ్మే నిలువు డేరాలు ఉన్నాయి, నాలుగడుగుల చదరం, మనిషి ఎత్తు. తీయగానే గొడుగులా విచ్చుకుంటాయి. మేకులు గండికోట బండలోకి దిగవు. లోయ గాలికి మా డేరా ఒకసారి మనవరాలు లోపల ఉండగానే పక్కకు ఒరిగింది. "అవ్వా, ఇల్లు పోతోంది" అని ఒకటే అరుపు. అప్పటి నుంచి నాలుగు మూలలా తాళ్లు కట్టి, తాళ్ల కొసలకు ఒక్కో రాయి కడుతున్నాను. ఇంకో మాట. రాత్రి లోపల దీపం నేల మీద పెట్టకండి. మా కూతురు వెళ్లినప్పుడు నేను బయటి నుంచి చూశాను: నిమ్మలకుంటవాళ్లు తెర కట్టి తోలుబొమ్మలాట ఆడినట్టు, లోపల కూర్చున్నదీ లేచినదీ అన్నీ గుడ్డ మీద. నేను కేక వేసి దీపం ఆర్పించాను. దీపం తల కన్నా పైన, నడిమధ్య వేలాడదీస్తే నీడ కాళ్ల కిందే పడుతుంది. ముదురు రంగు గుడ్డ ఇంకా మంచిది.

నెలసరి రోజుల్లో ఉన్న ఆడపిల్లల కోసం ఆ చిన్న డేరాలోనే ఒక మూత డబ్బా, పాత పత్రికలు కొన్ని ఉంచాలి. (మీ ఆదివారం అనుబంధం కాగితం దళసరిగా ఉండి దీనికి బాగా పనికొస్తుంది. మరోలా అనుకోకండి.) ప్యాడ్లను పొట్టు డబ్బాలో వేయకూడదు. వైప్స్ కూడా అంతే, అవి కాగితంలా కనిపిస్తాయే గానీ చాలా వాటిలో ప్లాస్టిక్ దారం ఉంటుంది, కరగవు.

పారబోసే సంగతి. పెట్టె రకమైతే ఇంటికి తెచ్చి, మన మరుగుదొడ్డిలోనే నెమ్మదిగా వంచాలి, రెండుసార్లు కడిగి ఆరబెట్టాలి. పొట్టు డబ్బాను మేము మా తమ్ముడి చేను గట్టున, బావికి దూరంగా, మోకాటి లోతు గుంటలో వేసి మట్టి కప్పుతున్నాం. ఏడాది దాకా అక్కడ కదిలించేది లేదు, కూరగాయలు పెట్టేది అసలే లేదు. ఒక వేపమొక్క నాటాడు. చేను లేనివాళ్లు పెట్టె రకానికే వెళ్లడం మంచిది. వాగులోనో, కాలువలోనో, దారి పక్క మోరీలోనో వంచి వచ్చేవాళ్లు ఇదంతా కొనకుండా ఆ బండ వెనకే కూర్చోవచ్చు, ఫలితం ఒకటే, ఖర్చు కలిసొస్తుంది.

ఇక్కడే నా అసలు విన్నపం. గండికోట అనే కాదు, ఓర్వకల్లు కొండల దగ్గరైనా, ఇంకెక్కడైనా, డేరాలతో జనం రాత్రి ఉండే చోట ఇప్పటికే ఉన్న మరుగుదొడ్ల పక్కన, అదే సెప్టిక్ ట్యాంకుకు కలిసేలా ఒక గుండ్రటి మూత, ఒక కుళాయి పెట్టించమనండి. పెట్టె తెచ్చినవాళ్లు అందులో వంచి కడుక్కుని పోతారు. ఒక రోజు మేస్త్రీ పని. దానికి శిలాఫలకం అక్కర్లేదు. డేరాలు అద్దెకిచ్చే కుర్రాళ్లకు ఒక మాట: మీ దగ్గర పరుపులున్నాయి, మాంసం కాల్చే పొయ్యిలున్నాయి. నాలుగు కమోడ్ కుర్చీలు, నాలుగు నిలువు డేరాలు, పొట్టు సంచి ఒకటి పెట్టుకోండి. కుర్చీకి రాత్రికి రెండు వందలు అడిగినా మా వయసు ఆడవాళ్లు బేరమాడరు. నేను హామీ, నేను ప్రతిదానికీ బేరమాడే మనిషిని.

మీకు మాత్రం ఒకటే. ఈసారి డేరాల మీద వ్యాసం వేస్తే పదిహేనో వస్తువుగా దీన్ని చేర్చండి. స్పీకరు తీసేసి పద్నాలుగుకే సరిపెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఉత్తరం వేసుకోదలిస్తే పేరు వేయకండి. మా వీధిలో నన్ను ఇప్పటికే కుర్చీ అక్క అంటున్నారు. కుర్చీ ప్రస్తుతం ఎదురింటివాళ్ల దగ్గర ఉంది, వాళ్లు అహోబిలం వెళ్లారు. ఆదివారం తెచ్చిస్తామన్నారు, కడిగి.

ఇట్లు,
విశ్రాంత బస్సు కండక్టరు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా.